డబ్బా ఆహారంలోకి దిగే రసాయనాలు: కుక్కలు, పిల్లులు పెంచేవారికి సమగ్ర మార్గదర్శి

రేకు డబ్బాలో వచ్చే కుక్క ఆహారంలోకి, పిల్లి ఆహారంలోకి డబ్బా లోపలి పూత నుంచి, హార్మోన్ల మీద ప్రభావం చూపగల బిస్‌ఫినాల్-ఎ (బీపీఏ) అనే రసాయనం దిగుతుందన్న మాట పుకారు కాదు. ప్రయోగశాలల్లో కొలిచి చూసిన సంగతి. జపాన్‌లో చేసిన ఒక పరిశీలన 2002లో అచ్చయింది. పిల్లుల డబ్బా ఆహారంలో గ్రాముకు 13 నుంచి 136 నానోగ్రాములు, కుక్కల ఆహారంలో 11 నుంచి 206 నానోగ్రాముల బీపీఏ ఉన్నట్టు అందులో తేలింది. ఆ తర్వాత అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చెరిల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 14 ఆరోగ్యమైన పెంపుడు కుక్కలకు రెండు వారాల పాటు డబ్బా ఆహారం పెట్టి, ముందూ తర్వాతా రక్తం పరీక్షించింది. బీపీఏ దాదాపు మూడు రెట్లయింది. పేగుల్లోని సూక్ష్మజీవుల సమూహం కూడా మారింది. వాడిన రెండు రకాల ఆహారాల్లో ఒకటి బీపీఏ లేదని భావించి తెచ్చినదే కావడం ఇక్కడ గమనించాల్సిన సంగతి. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

ఇదంతా చదివి ఇంట్లోని డబ్బాలన్నీ పారేసి రేపటి నుంచి పెరుగన్నం మొదలుపెడితే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ. ముఖ్యంగా పిల్లి విషయంలో. ఏది నిజంగా తగ్గించగలం, దేని వల్ల ప్రయోజనం లేదు, ఏది మారిస్తే కొత్త ప్రమాదం వస్తుంది అన్నవి విడివిడిగా తెలుసుకుని అడుగు వేయాలి.

మొదటి అడుగు: చేతిలో ఉన్న ప్యాకింగ్ ఏ రకమో గుర్తించండి

డబ్బాలన్నీ ఒకటి కావు. పక్కన నిలువుగా అతుకు ఉండి, పైనా కిందా మూతలు బిగించినది మూడు ముక్కల డబ్బా. అడుగు, గోడ ఒకే రేకు నుంచి సాగదీసి, పైన మూత మాత్రమే బిగించినది రెండు ముక్కల డబ్బా. 85 గ్రాముల పిల్లి ఆహారం డబ్బాలు ఎక్కువగా ఈ రెండో రకమే. పైపొర ఒలిచి తెరిచే పల్చని అల్యూమినియం ట్రేలు మూడో రకం. మన దుకాణాల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది గ్రేవీ పౌచ్. దాన్ని రేకు డబ్బాతో ఒకే గాట కట్టకూడదు.

డబ్బాలో లోపలి పూత ఎందుకంటే, మాంసం, చేపల్లోని గంధకం ఉన్న ప్రోటీన్లు వేడికి విడిపోయి తగరంతో, ఇనుముతో కలిసి నల్లటి మరకలు తెస్తాయి. పూత లేకపోతే లోహం ఆహారంలో కరుగుతుంది, కొన్నాళ్లకు రేకుకు చిల్లు పడుతుంది, ఆ చిల్లులోంచి క్రిములు దూరతాయి. లోహాన్ని గట్టిగా పట్టుకుని, రేకు వంగినా పగలకుండా, 121 డిగ్రీల ఆవిరికి తట్టుకునే పూత కావాలి. ఈ లక్షణాలన్నీ ఉన్నందువల్లే బీపీఏతో తయారయ్యే ఎపాక్సీ రెసిన్ 1950ల నుంచి పరిశ్రమలో పాతుకుపోయింది. కాబట్టి పూతే లేని డబ్బా కోసం వెతకకండి. మాంసాహారానికి అది మంచిది కాదు.

లోపలి రంగు చూసి పూత రకం చెప్పేయవచ్చని కొందరు అంటారు. బంగారు రంగు పూత చాలాసార్లు ఎపాక్సీ-ఫినాలిక్ అయి ఉంటుందన్న మాట నిజమే కానీ, తెల్ల పూత పాలిస్టర్ కావచ్చు, తెల్ల రంగు కలిపిన ఎపాక్సీ కూడా కావచ్చు. గీకి చూడడం, కాల్చి వాసన చూడడం వంటి ఇంటి పరీక్షల వల్ల ఏదీ తేలదు. కాలిన పూత పొగ పీల్చడం ఒక్కటే మిగులుతుంది.

పౌచ్‌లో సాధారణంగా బయట పాలిస్టర్ పొర, మధ్యలో అల్యూమినియం రేకు, ఆహారానికి తగిలే లోపలి వైపు పాలీప్రొపిలీన్ ఉంటాయి. కొన్నిట్లో నైలాన్ పొర కూడా ఉంటుంది. ఎపాక్సీ పూత అవసరం ఇందులో లేదు. బీపీఏ కోణంలో చూస్తే డబ్బా కంటే ఇదే నయం. అలాగని రసాయనాలే లేవని కాదు. పొరలను అతికించే పాలీయురిథేన్ జిగురు సరిగా గట్టిపడకపోతే ఆరోమాటిక్ అమైన్లు అనే హానికర రసాయనాలు స్వల్పంగా దిగే అవకాశం ఉంది. గాజు సీసా గోడ నుంచి ఏమీ దిగదు కానీ, లోహపు మూత అంచున ఉండే మెత్తటి రబ్బరు లాంటి పట్టీ తరచు పీవీసీతో చేసినదే. నూనె, కొవ్వు ఉన్న పదార్థం దానికి తగులుతూ ఉంటే ప్లాస్టిసైజర్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) ఆహారంలోకి వస్తాయి.

రెండో అడుగు: రసాయనం ఎప్పుడు దిగుతుందో అర్థం చేసుకోండి

ఈ ఒక్క విషయం తెలిస్తే సగం అపోహలు పోతాయి. పచ్చి మాంసపు ముద్దను డబ్బాలో నింపి, మూత బిగించి, ఆ తర్వాతే డబ్బాతో సహా ఆవిరి పాత్రలో ఉడికిస్తారు. బీపీఏలో అత్యధిక భాగం ఆ వేడిలోనే ఆహారంలోకి వెళ్లిపోతుంది. బ్రిటన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో, పూతలో ఉన్న బీపీఏలో 80 నుంచి 100 శాతం ఈ ఉడికే దశ పూర్తయ్యేసరికే ఆహారంలో చేరింది. ఆ తర్వాత తొమ్మిది నెలల దాకా నిల్వ ఉంచినా, డబ్బాకు సొట్టలు పెట్టినా ఆ మోతాదు చెప్పుకోదగ్గంత మారలేదు.

దీన్నిబట్టి కొత్త తేదీ ఉన్న డబ్బా ఏరుకున్నా, డబ్బాను ఫ్రిజ్‌లో దాచినా, తెరిచిన వెంటనే వేరే గిన్నెలోకి తీసినా బీపీఏ తగ్గదు. ఆహారాన్ని నీళ్లతో కడిగితే పోయేదల్లా విటమిన్లు, టారిన్ (పిల్లికి తప్పనిసరైన పోషకం). మళ్లీ మరిగించినా ఉపయోగం లేదు. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసేవే కానీ శ్రమ వృథా. మీ చేతిలో నిజంగా ఉన్నవి మూడే: రోజు మొత్తం తిండిలో డబ్బా వాటా, కొనే ప్యాకింగ్ రకం, కంపెనీ నుంచి రాబట్టే సమాధానం.

మూడో అడుగు: మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి

సూత్రం తేలిక. గ్రాముకు ఎన్ని నానోగ్రాములో, దాన్ని రోజుకు పెట్టే గ్రాములతో గుణించి, జంతువు బరువుతో భాగించాలి.

4 కిలోల పిల్లి పూర్తిగా డబ్బా ఆహారం మీదే బతుకుతోందనుకోండి. దానికి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు కావాలి. వెట్ ఫుడ్ 100 గ్రాములకు 85 కిలో కేలరీలు ఇస్తే 235 గ్రాములు, అంటే దాదాపు 240 గ్రాములు తింటుంది. బీపీఏ గ్రాముకు 50 నానోగ్రాములు ఉందనుకుంటే, 240ని 50తో గుణిస్తే 12,000 నానోగ్రాములు. 4తో భాగిస్తే కిలో బరువుకు రోజుకు 3,000 నానోగ్రాములు, అంటే 3 మైక్రోగ్రాములు. ఇదే ఆహారం రోజుకు 800 గ్రాములు తినే 20 కిలోల కుక్కకు 2 మైక్రోగ్రాములు వస్తుంది.

ఈ సంఖ్య పెద్దదా, చిన్నదా? ఇక్కడే శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో మనుషులకు కిలో బరువుకు రోజుకు 4 మైక్రోగ్రాముల దాకా ఫర్వాలేదంది. 2023 ఏప్రిల్‌లో దాన్ని 20,000 రెట్లు తగ్గించి 0.2 నానోగ్రాములు చేసింది. జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ ఆ లెక్కతో విభేదించి 200 నానోగ్రాములు చాలంది. పై పిల్లి 2015 పరిమితికి లోపలే ఉంది. జర్మనీ లెక్కకు 15 రెట్లు, యూరప్ కొత్త లెక్కకు 15,000 రెట్లు పైన ఉంది. పైగా ఇవన్నీ మనిషి జీవితకాలానికి వేసిన లెక్కలు. కుక్కకూ పిల్లికీ అలాగే వర్తిస్తాయని ఎవరూ చెప్పలేదు. కాబట్టి ‘విషం పెడుతున్నారు’ అనడానికీ, ‘ఏమీ కాదు’ అని కొట్టిపారేయడానికీ ఈ అంకెలు సరిపోవు. సులువుగా తగ్గించుకోగలిగినప్పుడు తగ్గించుకోవాలనడానికి సరిపోతాయి.

పిల్లికి ఇంకొంచెం జాగ్రత్త ఎందుకంటే, ఫినాల్ జాతి పదార్థాలను గ్లూకురోనైడ్‌గా (నీళ్లలో తేలిగ్గా కరిగే రూపంగా) మార్చి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి ప్రధాన కారణం ఇదే. బీపీఏ కూడా ఫినాల్ జాతిదే. ఒక్క ఊరట ఏమిటంటే బీపీఏ ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుపోయే రకం కాదు. మనిషి శరీరం నుంచి ఒక రోజులోనే చాలా వరకు మూత్రంలో వెళ్లిపోతుంది. అందుకే రాకడ తగ్గించిన చోట ఒంట్లో మోతాదు కూడా త్వరగానే తగ్గుతుంది.

నాలుగో అడుగు: కంపెనీని సరైన ప్రశ్నలు అడగండి

ముందుగా చట్టం సంగతి. మన 2006 ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ నిర్వచనంలోంచి పశువుల దాణాను తీసేసింది. అందువల్ల మనుషుల ఆహార ప్యాకింగ్‌పై ఉన్న 2018 నిబంధనలు పెంపుడు జంతువుల ఆహారానికి రక్షణగా నిలుస్తాయని అనుకోవద్దు. యూరప్ సంఘం బీపీఏను నిషేధిస్తూ 2024 డిసెంబరులో తెచ్చిన నిబంధన కూడా మనుషుల ఆహారాన్ని తాకే వస్తువుల కోసం చేసినదే. ఒకే డబ్బా కర్మాగారం రెంటికీ రేకు అందిస్తుంది కాబట్టి ఆ మార్పు క్రమంగా ఇటూ రావచ్చు. ఈలోగా అడిగి తెలుసుకోవడం ఒక్కటే దారి.

ప్యాకెట్ వెనక వినియోగదారుల ఫోన్, ఈ-మెయిల్ ఉండి తీరాలని 2011 ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి. తయారైన చోటు కూడా చూడండి. పెడిగ్రీ, విస్కాస్ అమ్మే మార్స్‌కు మన సిద్దిపేట జిల్లాలోనే కర్మాగారం ఉంది. దుకాణాల్లో కనిపించే డబ్బాలు, పౌచ్‌లలో చాలా భాగం థాయ్‌లాండ్‌వి. ఒకే బ్రాండ్‌లో ఒక సైజు ఇక్కడిది, మరో సైజు అక్కడిది కావచ్చు. అందుకే బ్రాండ్ పేరు కాక, సరుకు పేరు, సైజు, బ్యాచ్ నంబరు రాసి ఈ కింది విధంగా అడగండి:

1. ఈ డబ్బా గోడకు, అడుగుకు, మూతకు లోపల వాడిన పూత ఏ రకం? మూడింటికీ విడివిడిగా చెప్పండి.
2. పూత తయారీలో బీపీఏ వాడలేదంటే, దాని బదులు వాడినదేమిటి? బీపీఎస్, బీపీఎఫ్ వంటి ఇతర బిస్‌ఫినాల్‌లు ఉన్నాయా?
3. ఖాళీ డబ్బాపై కాకుండా, డబ్బాలో నింపి ఉడికించిన ఆహారంలోనే బీపీఏ కొలిచారా? ఎంత సున్నితత్వం గల పద్ధతిలో? ఫలితం ఎంత?
4. మూత అంచున వాడే సీలింగ్ పదార్థం ఏమిటి?

మొదటి ప్రశ్నలో మూతను విడిగా అడగడానికి కారణం ఉంది. డబ్బా గోడ ఒక కంపెనీ చేస్తుంది, రింగు పట్టి లాగే మూత మరో కంపెనీ నుంచి రావచ్చు. గోడకు పాలిస్టర్ పూత వేసి, మూతకు ఎపాక్సీ ఉంచేసిన డబ్బా గురించి కూడా ‘మా డబ్బాలో బీపీఏ లేదు’ అని చెప్పేవారుంటారు.

సమాధానాలు చదవడంలో కాస్త మెళకువ కావాలి. ‘ప్రభుత్వ నిబంధనలన్నీ పాటిస్తున్నాం’ అని మాత్రమే వస్తే మీ ప్రశ్నకు జవాబు రాలేదన్నట్టే. ‘బీపీఏ-ఎన్ఐ’ అన్న రాత కనిపిస్తే, కావాలని కలపలేదని అర్థం, సున్నా ఉందని కాదు. అదే యంత్రాల మీద ఇతర పూతలు నడిచినా, మాంసంలోనే ముందుగా కాస్త ఉన్నా జాడలు మిగులుతాయి. పాలిస్టర్, అక్రిలిక్, ఓలియోరెసిన్ అని పేరు చెప్పి జవాబిచ్చిన కంపెనీకి మంచి మార్కులు వేయొచ్చు. ‘కొత్త తరం ఎపాక్సీ’ అంటే రెండో ప్రశ్న మళ్లీ అడగండి. బీపీఎస్, బీపీఎఫ్ కూడా హార్మోన్ల మీద బీపీఏ తరహా ప్రభావమే చూపగలవని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఒకటి తీసి దాని తోబుట్టువును పెట్టినంత మాత్రాన సమస్య తీరదు.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేసి, అప్పటికీ రాకపోతే ఆ రకాన్ని రోజువారీ తిండి జాబితాలోంచి తీసేయండి.

ఐదో అడుగు: తిండిలో వాటా మార్చండి, ఒక్కసారిగా కాదు

పూర్తి డబ్బా ఆహారం తింటున్న పిల్లిని పూర్తి డ్రై ఫుడ్‌కు మార్చడం చాలామంది చేసే మొదటి తప్పు. వెట్ ఫుడ్‌లో 75 నుంచి 82 శాతం నీళ్లే. డ్రై ఫుడ్‌లో దాదాపు 10 శాతానికి మించవు. పిల్లికి దాహం తక్కువ, తిండిలో తగ్గిన నీటిని తాగి పూర్తిగా భర్తీ చేసుకోదు. మూత్రం చిక్కబడుతుంది. మగ పిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉండడం వల్ల స్ఫటికాలు, జిగురు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. అలా ఆగితే రెండు రోజుల్లోపే ప్రాణం మీదికి వస్తుంది. బీపీఏ వల్ల ఎప్పుడో రావచ్చనుకునే నష్టాన్ని తప్పించబోయి, ఈ నెలలోనే రాగల నష్టాన్ని తెచ్చుకోకూడదు.

మా సిఫారసు ఇది: వెట్ ఫుడ్ ఉంచండి, డబ్బాను పౌచ్‌తో మార్చండి, కొంత భాగం డ్రై ఫుడ్ కలపండి. 4 కిలోల పిల్లికి రోజుకు 85 గ్రాముల పౌచ్ ఒకటి (సుమారు 70 కిలో కేలరీలు), 35 గ్రాముల డ్రై ఫుడ్ (సుమారు 130 కిలో కేలరీలు) పెడితే 200కు సరిపోతుంది. కేలరీలు బ్రాండ్‌ను బట్టి మారతాయి కనుక లేబుల్ చూసి సరిచేసుకోండి. ఈ పద్ధతిలో తిండి ద్వారా వచ్చే నీళ్లు 70 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోతాయి. పూర్తి వెట్ ఫుడ్‌లో 190 దాకా వచ్చేవి. ఆ లోటు కొంత పూడాలంటే గ్రేవీలో రెండు మూడు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపండి. నీళ్ల గిన్నెను తిండి గిన్నె పక్కన కాక దూరంగా పెట్టండి, ఇంట్లో రెండు మూడు చోట్ల ఉంచండి. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, గతంలో మూత్రం ఆగిన చరిత్ర ఉన్న పిల్లికి మాత్రం డాక్టరును అడగకుండా డ్రై ఫుడ్ వాటా పెంచవద్దు. దానికి పూర్తిగా పౌచ్‌లే పెట్టడం మంచిది.

మార్పు వారం రోజుల్లో సాగాలి. మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాతి రెండు రోజులు సగం, ఆ తర్వాత రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. విరేచనాలు పట్టుకుంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మూడు రోజులు ఆగండి. పిల్లి మొండికేసి ఒక రోజంతా ఏమీ తినకపోతే పాత ఆహారం పెట్టేయండి. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అన్న మాట కుక్కకు కొంతవరకు నడుస్తుంది కానీ పిల్లికి నడవదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం వస్తుంది.

కుక్కకు ఇంత చిక్కు లేదు. డ్రై ఫుడ్ ప్రధానంగా పెట్టి, రుచికి పౌచ్ గ్రేవీ కలిపితే చాలు. అయితే డ్రై ఫుడ్ సంచి కూడా పూర్తిగా నిర్దోషి కాదు. నూనె ఊరకుండా కాగితానికి వాడే పీఫాస్ రసాయనాలు కొన్ని పెంపుడు జంతువుల ఆహారం సంచుల్లో ఉన్నట్టు అమెరికాలోని ఈడబ్ల్యూజీ అనే సంస్థ 2022లో పరీక్షల ద్వారా చూపింది. ఇవి బీపీఏలా ఒక రోజులో పోవు, ఏళ్ల తరబడి ఉంటాయి. నూనె ఊరనీయని ఈ పీఫాస్‌లను అమెరికాలో ఆహార ప్యాకింగ్ కోసం అమ్మడం ఆగిపోయిందని అక్కడి ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మన మార్కెట్ సరుకుకు ఆ ప్రశ్న కూడా కంపెనీనే అడగాలి. సంచి తెరిచాక ప్లాస్టిక్ డబ్బాలోకి గుమ్మరించవద్దు. సంచితో సహా బియ్యం పోసుకునే స్టీలు డబ్బాలో పెట్టి మూత వేయండి. బ్యాచ్ నంబరూ పోదు, పాత గింజల కొవ్వు డబ్బా గోడలకు అంటుకుని ముక్కిపోయే బెడదా ఉండదు.

ఇక ఇంటి వంట. పెరుగన్నం, కోడి మాంసం అన్నం పెడితే ప్యాకింగ్ రసాయనాల గొడవే ఉండదన్నది నిజం. కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను 2013లో విశ్లేషిస్తే, 95 శాతంలో కనీసం ఒక పోషకమైనా తగినంత లేదు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. పెరిగే కూనకు నెలల తరబడి అదే పెడితే ఎముకలు వంగిపోతాయి. పిల్లికి టారిన్ తప్పనిసరి. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకూ టారిన్ లోటుకూ ఉన్న సంబంధం 1987లో బయటపడింది. రోజు కేలరీల్లో పదో వంతు వరకు ఇంటి తిండి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ఆ ఉడికిన నీళ్లతో సహా పెట్టండి. టారిన్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి రసం పారబోయకూడదు. అంతకు మించి ఇంటి వంటే ప్రధాన ఆహారం చేయాలంటే డాక్టరు రాసిచ్చిన కొలతలు, సప్లిమెంట్లు ఉండాల్సిందే.

ఆరో అడుగు: తెరవడం, దాచడం, వేడిచేయడం

సొట్ట వల్ల బీపీఏ పెరగదని పైన చెప్పాం. అయినా సొట్ట చూడాలి, ఎందుకంటే అది క్రిముల సమస్య. గోడ మధ్యలో నున్నగా ఉన్న చిన్న సొట్టతో ప్రమాదం లేదు. మూత అంచున, అడుగు అంచున, పక్క అతుకు మీద ఉన్న సొట్ట మాత్రం సీలు వదిలించి ఉండొచ్చు, తీసుకోవద్దు. వేలితో తుడిస్తే పోయే తుప్పు ఫర్వాలేదు. గుంట పడ్డ తుప్పయితే దుకాణంలోనే వదిలేయండి. ఉబ్బిన డబ్బా, ఉబ్బిన పౌచ్, తెరవగానే బుస్సుమని లోపలి గాలి చిమ్మేది, చెడు వాసన వేసేది పనికిరావు. రుచి చూడకండి, వీధి కుక్కలకు పెట్టకండి. సీలు వదిలి చెడిన డబ్బాల్లో క్రిములు తయారుచేసే బొటులినమ్ విషానికి మనిషి కుక్క కంటే తేలికగా లొంగిపోతాడు. చేతికి కవరు తొడిగి, రెండు సంచుల్లో కట్టి పారేయండి. బ్యాచ్ నంబరు ఫొటో తీసి కంపెనీకి పంపండి.

మిగిలిన ఆహారాన్ని డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టకుండా గాజు లేదా స్టీలు గిన్నెలోకి తీసి మూత పెట్టండి. దీనికి కారణం బీపీఏ కాదు. గాలి తగిలాక కోసిన అంచుల దగ్గర, గీతలు పడిన చోట లోహం వేగంగా కరుగుతుంది, తిండికి లోహపు రుచి వస్తుంది, పిల్లి ముట్టదు. 4 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో వాడేయండి. గిన్నెలో పెట్టినది ఎండాకాలంలో గంటకు మించి ఉంచవద్దు. మే నెలలో కరెంటు పోయిన గదిలో అరగంటే ఎక్కువ.

చల్లటి ఆహారం పిల్లికి వాసన తెలియదు కాబట్టి కొంచెం వెచ్చబెట్టాలి. స్టీలు గిన్నెలోకి తీసి రెండు చెంచాల వేడినీళ్లు కలిపితే కొంత వెచ్చబడుతుంది. అదే చాలు. మూసిన డబ్బాను పొయ్యి మీద పెడితే పేలుతుంది. అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌ను మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు వస్తాయి. మైక్రోవేవ్ వాడితే గాజు గిన్నెలోనే, ప్లాస్టిక్ మూత లేకుండా.

ఏడో అడుగు: ఇంట్లోని మిగతా దారులు మూయండి

డబ్బా ఒక్కటే దారి కాదు. మన ఊళ్లలో ఇంటింటికీ వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌లలో గట్టిగా, నీలిరంగులో, అడుగున త్రికోణంలో 7 అంకె ఉన్నవి ఎక్కువగా పాలీకార్బనేట్. ఆ ప్లాస్టిక్ తయారయ్యేదే బీపీఏతో. ఆటో మీద ఎండలో తిరిగిన క్యాన్, గీతలు పడిన పాత క్యాన్ వద్దని చెప్పండి. త్రికోణంలో 1 ఉన్నది పీఈటీ (PET) రకం ప్లాస్టిక్, అందులో బీపీఏ వాడరు. జంతువుకు నీళ్లు మట్టి మూకుడులోనో స్టీలు గిన్నెలోనో పోయండి. ప్లాస్టిక్ గిన్నెలు తీసేయండి. యంత్రంలో వేడితో అచ్చయ్యే బిల్లు కాగితాల పూతలో తరచు బీపీఏ లేదా బీపీఎస్ ఉంటుంది. వాటిని కొరికి ఆడుకునే కూనలకు అందనివ్వవద్దు. సోఫాలు, పాత ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి రాలే దుమ్ములో మంటలు అంటుకోకుండా వాడే రసాయనాలు ఉంటాయి. ఒళ్లు నాక్కునే పిల్లి ఆ దుమ్మునంతా మింగుతుంది. వారానికి రెండుసార్లు తడిగుడ్డతో తుడవడం దీనికి సరైన మందు.

ఎనిమిదో అడుగు: డాక్టరు దగ్గర ఏమి చూపించాలి

పెంపుడు జంతువు రక్తంలో బీపీఏ కొలిచే పరీక్ష సాధారణ క్లినిక్‌లో దొరకదు. దొరికినా ఒక రోజు అంకెతో ఏమీ తేలదు. దాని కోసం డబ్బు పెట్టకండి. పెట్టాల్సిన పరీక్ష పెద్ద వయసు పిల్లులకు టీ4, అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ కొలిచే పరీక్ష.

పిల్లుల్లో థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బును వైద్యులు మొదటిసారి నమోదు చేసింది 1979లో. ఆ తర్వాతి దశాబ్దాల్లో కేసులు బాగా పెరిగాయి. డబ్బా ఆహారం, ముఖ్యంగా రింగు లాగి తెరిచే డబ్బాల్లోది, తిన్న పిల్లుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందని 2004లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అది సంబంధాన్ని చూపింది కానీ కారణాన్ని రుజువు చేయలేదు. ఆహారంలో అయోడిన్ హెచ్చుతగ్గులు, సోయా, ఇంటి దుమ్ములోని రసాయనాలు కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి పిల్లికి జబ్బు వస్తే ‘నేను పెట్టిన డబ్బా వల్లే’ అని కుమిలిపోవాల్సిన పని లేదు. చేయాల్సింది త్వరగా పట్టుకోవడం.

పదేళ్లు దాటిన పిల్లికి ఏడాదికోసారి టీ4, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. బాగా తింటూనే చిక్కిపోవడం, నీళ్లు ఎక్కువ తాగడం, తరచు వాంతులు, రాత్రిళ్లు నిలకడ లేకుండా అరవడం, గుండె దడదడలాడడం కనిపిస్తే ఏడాది దాకా ఆగవద్దు. ఇంట్లోనే నెలకోసారి తూకం వేయండి. పిల్లిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి మీరు తూగి తేడా తీస్తే చాలు. 4 కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గినా ఒంట్లో 5 శాతం పోయినట్టే. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ తూకాల చీటీతో పాటు, పెడుతున్న ప్రతి డబ్బా, పౌచ్, సంచి లేబుల్ ఫొటోలు, ఆహారం మార్చిన తేదీలు తీసుకెళ్లండి.